ఆఖరి సంతకం ఎవరిది? ఆఫ్రికాలో విమానాల భద్రత, నిర్వహణ ప్రమాణాల వైరుధ్యంపై ఒక పరిశీలన

1. పరిశీలనకు పెట్టిన ప్రశ్న

"ఆఫ్రికాలో విమానాలు కూలిపోవడం మామూలే" అన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ మాట వెనుక రెండు ఊహలు ఉన్నట్టు తోస్తుంది. ఆ ఖండమంతటా ఒకటే ప్రమాణం అమల్లో ఉందన్నది మొదటిది. ఆ ప్రమాణం తక్కువ కావడానికి అక్కడి పైలట్లు, మెకానిక్కులే కారణమన్నది రెండోది. యాభైకి పైగా దేశాలున్న ఖండం గురించి ఇంత తేలిగ్గా తీర్పు చెప్పడం సబబు కాదు. పైగా, బయటికి వచ్చిన దర్యాప్తు నివేదికలను ఓపికగా చదివితే ఈ రెండు ఊహలూ పూర్తిగా నిలబడేవిగా కనిపించవు.

అందుచేత ఈ వ్యాసంలో ప్రశ్నను కొంచెం మార్చి వేసుకోవడం జరిగింది. ఒక విమానం నేల విడిచే ముందు, అది ఎగరడానికి తగినదేనని ఎవరెవరు సంతకం చేస్తారు? ఆ సంతకాలు వేర్వేరు దేశాలవి, వేర్వేరు సంప్రదాయాలవి అయినప్పుడు వాటి మధ్య ఏం జారిపోతుంది?

2. చట్టం ఏమంటుంది

1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందమే ఇప్పటికీ ఈ రంగానికి మూలాధారం. ఈ చర్చకు అవసరమైన అంశాలు నాలుగు.

(అ) 31వ అధికరణం ప్రకారం, దేశాల మధ్య తిరిగే ప్రతి విమానానికీ ఎగిరే యోగ్యతా పత్రం ఉండాలి. దాన్ని ఇవ్వవలసింది ఆ విమానం ఏ దేశంలో రిజిస్టరైందో ఆ దేశం. అది ఎక్కడ తిరుగుతోందన్నదానితో సంబంధం లేదు.

(ఆ) 33వ అధికరణం ప్రకారం, ఆ పత్రాన్నీ, పైలట్ల లైసెన్సులనూ మిగతా సభ్య దేశాలు గుర్తించాలి. ఆ పత్రం ఇచ్చిన దేశం నిబంధనలు అంతర్జాతీయ కనీస ప్రమాణాలకు సమానంగానో, అంతకు మించో ఉండాలన్నది షరతు.

(ఇ) 38వ అధికరణం, ఏదైనా ప్రమాణాన్ని పాటించలేని దేశం ఆ తేడాను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు (ఐసీఏవో) తెలియజేయాలంటుంది. అంటే తేడాలు ఉంటాయని ఒప్పందం రాసినవారు ముందే ఊహించారని అనుకోవచ్చు.

(ఈ) ఒక దేశంలో రిజిస్టరైన విమానాన్ని మరో దేశపు సంస్థ అద్దెకు తీసుకుని నడిపే పద్ధతి పెరగడంతో 83 బిస్ అనే సవరణ వచ్చింది. 1980లో ఆమోదం పొందిన ఈ సవరణ 1997లో గానీ అమల్లోకి రాలేదు. రెండు దేశాలు ఒప్పందం చేసుకుంటే, రిజిస్టరు చేసిన దేశపు బాధ్యతలు కొన్ని, నడిపే సంస్థ ఉన్న దేశానికి బదిలీ అవుతాయి. ఒప్పందం లేకపోతే బాధ్యత పాతచోటే ఉండిపోతుంది. ఆ పాతచోటు విమానం తిరిగే చోటికి వేల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు.

వీటన్నిటి కిందా పైలట్ సంతకం ఉంటుంది. ఒప్పందపు ఆరో అనుబంధం ప్రకారం విమానం యోగ్యంగా ఉందని, నిర్వహణ పూర్తయినట్టు పత్రం ఉందని, బరువు, గరిమనాభి పరిమితుల్లో ఉన్నాయని, సరుకును సక్రమంగా సర్ది గట్టిగా కట్టారని కమాండరు తృప్తి చెందేదాకా ప్రయాణం మొదలు కాకూడదు. రోజువారీ భాషలో చెప్పాలంటే ఇదంతా 'టెక్ లాగ్' అనే పుస్తకంలో ఒక పేజీ. ఎడమవైపు వచ్చిన పైలట్ రాసిన స్నాగ్, అంటే గమనించిన లోపం. కుడివైపు దాన్ని సరిచేసిన ఇంజనీరు వివరం, లైసెన్సు నంబరు, సంతకం. కింద వెళ్లబోయే కమాండరు సంతకం. స్నాగ్ రాయకపోతే కుడివైపు రాయడానికి ఏమీ ఉండదు. ఈ చిన్న విషయం ముందు ముందు పెద్దదవుతుంది.

3. వైరుధ్యం ఎప్పుడు మొదలైంది

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక, అక్కడి ప్రభుత్వ విమాన సంస్థ ఏరోఫ్లోట్ ముక్కలై, ఆంటొనోవ్, ఇల్యూషిన్ రవాణా విమానాలు సిబ్బందితో సహా చవగ్గా ఆఫ్రికాకు చేరాయని, గందరగోళం అక్కడే మొదలైందని ఒక వాదన ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ దీన్ని కొంత సవరించుకోవాలి. అంగోలా, ఇథియోపియా, మొజాంబిక్ వంటి దేశాలకు సోవియట్ విమానాలు అంతకు ముందే, ప్రచ్ఛన్న యుద్ధ కాలంలోనే వచ్చాయి. అప్పుడు వాటి వెనుక ఒక రాజ్యం, దాని మరమ్మతు కర్మాగారాలు, విడిభాగాల సరఫరా ఉన్నాయి. 1991 తర్వాత విమానాలు మిగిలాయి, వెనుక ఉన్న వ్యవస్థ సన్నగిల్లింది. కాబట్టి మార్పు విమానాల రాకలో కన్నా వాటి వెనుక ఉన్న ఆధారం పోవడంలో ఉందనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ల కథ కూడా ఆ దశాబ్దానిదే. ఆయుధాల రవాణాదారుగా పేరుమోసిన విక్తర్ బౌత్‌కు చెందిన విమానాలు లైబీరియా, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, ఈక్వటోరియల్ గినీ వంటి దేశాల రిజిస్టర్ల మధ్య మారుతూ వచ్చినట్టు ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందాలు నమోదు చేశాయి. 2001 మార్చిలో భద్రతా మండలి 1343వ తీర్మానంలో, లైబీరియా తన రిజిస్టరును సరిచేసుకునేదాకా ఆ దేశపు గుర్తుతో తిరిగే విమానాలను తన పరిధిలో నేలమీదే ఉంచాలని కోరింది. ఒక దేశపు విమానాల జాబితానే నమ్మదగింది కాదని అంత పెద్ద వేదిక తేల్చిందంటే, ఆ జాబితాపై ఆధారపడ్డ యోగ్యతా పత్రాల విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

4. రెండు నిర్వహణ సంప్రదాయాలు

ఇక్కడ కొంత ఆగవలసి ఉంది. 'ప్రమాణాలు తక్కువ' అన్న మాట కింద కలిసిపోయే విషయం నిజానికి రెండు భిన్న ఆలోచనా విధానాల ఘర్షణ కావచ్చు.

సోవియట్ విధానంలో విమానానికి ముందే ఒక ఆయుర్దాయం నిర్ణయిస్తారు. ఎగిరిన గంటలు, దిగిన సార్లు, తయారై గడిచిన ఏళ్లు, వీటిలో ఏది ముందు నిండితే అక్కడితో ఆయువు తీరినట్టే. 'ఫార్ములార్' అనే పుస్తకంలో ఈ లెక్కంతా నడుస్తుంది. గడువు పొడిగించాలంటే ఆ విమానాన్ని రూపొందించిన డిజైన్ సంస్థ పరీక్షించి అనుమతించాలి. ఆంటొనోవ్ విషయంలో అది కీవ్‌లో ఉంది. సిబ్బంది కూర్పు కూడా ఈ పద్ధతికి తగ్గట్టే ఉంటుంది. ఏఎన్-12లో ఇద్దరు పైలట్లతో పాటు గాజు ముక్కులో కూర్చునే నావిగేటర్, ఫ్లైట్ ఇంజనీర్, రేడియో ఆపరేటర్ ఉంటారు. దారిలో వచ్చే ఇబ్బందులను వెంట ఉన్నవారే చూసుకుంటారు.

పాశ్చాత్య విధానం 1960ల చివర్లో వేరే దారి పట్టింది. బోయింగ్ 747 కోసం 1968లో తయారైన మార్గదర్శకంతో మొదలై, 1980లో ఎంఎస్‌జీ-3గా స్థిరపడిన ఈ ఆలోచనలో భాగాలను కేవలం వయసు చూసి తీసేయరు. స్థితిని గమనిస్తూ ఉంటారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు 1978లో వెలువరించిన అధ్యయనంలో, పరిశీలించిన భాగాల్లో 89 శాతానికి వయసుతో పాటు చెడిపోయే లక్షణం స్పష్టంగా కనిపించలేదన్నది దీనికి పెద్ద ఊతం. అయితే ఈ పద్ధతికి ప్రాణం సమాచారమే. ప్రతి స్నాగ్ నమోదు కావాలి, ప్రతి తనిఖీ లెక్కలోకి రావాలి.

ఏ పద్ధతికి ఆ పద్ధతి పనిచేస్తుంది. ప్రమాదం రెండిటి కలయికలో ఉన్నట్టు తోస్తుంది. ఇంజన్ బాగానే తిరుగుతోంది కదా అన్న పాశ్చాత్య పద్ధతి వాదనతో సోవియట్ విమానం గడువు దాటించడం ఒక రకం. గడువు ఇంకా ఉంది కదా అన్న ధీమాతో మధ్యలో వచ్చే లోపాలు రాయకపోవడం రెండో రకం. ఒకే రన్‌వే మీద పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కమాండర్లు, ఇద్దరూ అనుభవజ్ఞులే, ఇద్దరూ నిజాయితీపరులే అయినా, 'ఈ విమానం ఎగరవచ్చా' అన్న ప్రశ్నకు వేర్వేరు కొలతలతో జవాబు చెప్పే అవకాశం ఉంది.

5. లేగోస్, 2012: ఒక నివేదిక చెప్పేది

మొదట చెప్పిన రెండు ఊహలను పరీక్షించడానికి నైజీరియా ఉదాహరణ ఉపయోగపడుతుంది. 2012 జూన్ 3న అబూజా నుంచి లేగోస్ వస్తున్న డానా ఎయిర్ 992 విమానం నగర శివారులో ఇళ్ల మీద కూలింది. విమానంలోని 153 మందీ మరణించారు. నేలమీద మరణించినవారు తుది నివేదిక ప్రకారం ఆరుగురు. తొలి వార్తల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువగా ఉంది. విమానం అమెరికన్ తయారీ ఎండీ-83. కమాండరు అమెరికన్. సహపైలట్ భారతీయుడు.

'ఆఫ్రికా ప్రమాణాలు' అన్న ముద్ర ఇక్కడ వేయడం ఎందుకు కష్టమో ఈ కింది అంశాలు చూపుతాయి.

(అ) నైజీరియా దర్యాప్తు సంస్థ 2017లో ప్రచురించిన నివేదిక ప్రకారం, బయల్దేరిన 17 నిమిషాలకే ఒక ఇంజన్ శక్తి కోల్పోయింది. దిగబోయే సమయానికి రెండోది కూడా స్పందించలేదు. చెక్‌లిస్టు వాడకపోవడం, సమస్య తీవ్రతను గుర్తించకపోవడం, దగ్గర్లోని విమానాశ్రయంలో దిగకపోవడం కారణాల్లో ఉన్నాయి.

(ఆ) అదే నివేదిక ఇంజన్లలోని ఇంధన గొట్టాల అమరికలో పగుళ్లు, వంకరలు గుర్తించింది. మొదటి ఇంజన్ 2011 ఆగస్టులో ఓవర్‌హాల్ అయింది. అది జరిగింది ఆఫ్రికాలో కాదు, అమెరికాలో. ఆ గొట్టాల గురించి తయారీదారు ఇచ్చిన సర్వీస్ బులెటిన్ అందులో అమలు కాలేదని తేలింది.

(ఇ) సర్వీస్ బులెటిన్ సాధారణంగా ఒక సిఫార్సు. ప్రభుత్వ సంస్థ దాన్ని తప్పనిసరి ఆదేశంగా మారిస్తే తప్ప పాటించి తీరాలన్న నియమం ఉండదు. సిఫార్సుకూ ఆదేశానికీ మధ్య ఉన్న ఈ ఖాళీ ఏ ఒక్క ఖండానికో పరిమితం కాదు.

(ఈ) కమాండరును 2009లో అమెరికా నియంత్రణ సంస్థ కొంతకాలం సస్పెండ్ చేసిన విషయం కూడా దర్యాప్తులో వెలికివచ్చింది. బరువుగా దిగడం, ప్యానెళ్ల మరమ్మతు వంటివి లాగ్‌బుక్కులో రాయలేదన్నది అందుకు చెప్పిన కారణం. ఎడమవైపు రాయకపోతే కుడివైపు ఏమీ ఉండదన్న మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. విమాన సమాచార రికార్డరు మంటల్లో కరిగిపోయింది. దర్యాప్తుకు మిగిలింది కాక్‌పిట్ మాటల రికార్డు, అదీ చివరి అరగంటది. అందుచేత తొలి నిమిషాల్లో ఏం జరిగిందన్నదానిపై నిర్ధారణలు కొంతవరకు ఊహపై నిలబడ్డవే.

మరొక సంగతి: ఈ ప్రమాదానికి రెండేళ్ల లోపే, 2010 ఆగస్టులో, అమెరికా నైజీరియాకు కేటగిరీ-1 హోదా ఇచ్చింది. ఆ హోదా ఒక దేశపు పర్యవేక్షణ వ్యవస్థ గురించి చెబుతుంది, ఒక్కొక్క ఇంజన్ గురించి కాదు.

6. గంటల లెక్క

పైలట్ల అనుభవంపై వాదం 2019 మార్చి 10న ఇథియోపియన్ 302 విమానం కూలి 157 మంది మరణించాక మళ్లీ లేచింది. సహపైలట్‌కు మొత్తం 361 గంటల అనుభవమే ఉందన్న విషయం అమెరికాలో పెద్ద చర్చ అయింది. అక్కడ 2013 నుంచి ప్రయాణికుల విమానాల సహపైలట్‌కు సాధారణంగా 1,500 గంటలు కావాలి. కానీ చాలా దేశాల్లో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలే అవసరం. మన దేశంలోనూ అంతే. హైదరాబాద్ నుంచి బయల్దేరే విమానాల కుడి సీట్లలో అలాంటి అనుభవంతో మొదలుపెట్టిన యువ పైలట్లు ఎందరో ఉన్నారు. కాబట్టి గంటల లెక్కను ఆఫ్రికా లోపంగా చూపడం సమంజసం అనిపించదు. ఆ విమానంలో తప్పుడు సంకేతం అందుకుని ముక్కును పదేపదే కిందికి నెట్టిన వ్యవస్థ తయారీదారు రూపొందించిందే.

అయినా వివాదం అక్కడితో ఆగలేదు. 2022 డిసెంబరులో ఇథియోపియా ఇచ్చిన తుది నివేదికలో సిబ్బంది స్పందనపై చర్చ చాలలేదని అమెరికా, ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థలు అభ్యంతరం తెలిపాయి. ఆ తప్పుడు సంకేతం పంపిన సెన్సరు ఎందుకు చెడిందన్నదానిపైనా భేదం ఉంది. విద్యుత్ సంబంధమైన తయారీ లోపమని ఇథియోపియా అంటే, పక్షి తగలడం వల్లనని అమెరికన్ సంస్థ అంది. 1945లో ఏర్పడి, సొంత శిక్షణ కేంద్రం, పెద్ద నిర్వహణ కేంద్రం ఉన్న సంస్థ విషయంలోనే ఏకాభిప్రాయం కుదరలేదంటే, చిన్న సంస్థల ప్రమాదాలపై ఒక్క మాటలో తీర్పులివ్వడానికి ఎంత జాగ్రత్త కావాలో చూడవచ్చు.

7. కాంగో కథనాలు

డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో వైశాల్యం 23 లక్షల చదరపు కిలోమీటర్లు. తారు రోడ్లు చాలా తక్కువ. అక్కడ విమానం చాలా ఊళ్లకు బస్సు లాంటిది. ఈ దేశం నుంచి వచ్చిన రెండు కథనాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

2010 ఆగస్టు 25న బందుందు దగ్గర కూలిన ఎల్-410 విమానంలో 21 మందిలో 20 మంది మరణించారు. ఇంధనం అయిపోయిందని తొలి వార్తలు. రెండు నెలల తర్వాత మరో కథనం వచ్చింది: ఒక ప్రయాణికుడు సంచిలో దాచి తెచ్చిన మొసలి బయటపడింది, సహాయకురాలు కాక్‌పిట్ వైపు పరుగెత్తింది, ప్రయాణికులంతా ఆమె వెంట ముందుకు ఎగబడ్డారు, బరువు ఒకవైపు చేరి విమానం అదుపు తప్పింది. ఈ కథనానికి మూలం బతికి బయటపడ్డ ఏకైక వ్యక్తి. బ్రిటిష్ సహపైలట్ మరణంపై బ్రిటన్‌లో జరిగిన విచారణలోనూ దీని ప్రస్తావన వచ్చింది. సాక్షి ఒక్కరే, మాట పత్రికల దాకా చేరింది ఆలస్యంగా, కాబట్టి కథనాన్ని సంభావ్యతగా మాత్రమే తీసుకోవాలి. అయితే 20 సీట్ల లోపు విమానంలో అందరూ ఒక్కసారి ముందుకు కదిలితే గరిమనాభి పరిమితి దాటడం అసాధ్యమేమీ కాదు. మొసలి వింతగా మిగిలిపోయి, సంచి తనిఖీ చేయని ప్రశ్న మరుగున పడడం బాధాకరం. ఇరవై ప్రాణాలు ఒక వింత వార్తగా మారిపోయాయి.

రెండోది అంతకన్నా పాతది, అంతకన్నా ఘోరమైనది. 1996 జనవరి 8న కిన్షాసా నడిబొడ్డునున్న న్దోలో విమానాశ్రయం నుంచి లేవలేకపోయిన ఏఎన్-32 విమానం, రన్‌వే చివరనున్న సింబాజికిటా సంతలోకి దూసుకెళ్లింది. మృతుల సంఖ్య ఒక్కో ఆధారంలో ఒక్కోలా ఉంది: 225 నుంచి దాదాపు 350 దాకా. విమానం రష్యాలో రిజిస్టరైంది, అద్దెకు వచ్చింది, మితిమీరిన బరువుతో ఉందని చెబుతారు. మరో సంస్థ పేరున ఉన్న అనుమతి పత్రాలతో ప్రయాణం పెట్టుకున్నట్టు రష్యన్ పైలట్లు ఒప్పుకున్నారని, ఇద్దరికీ రెండేళ్ల చొప్పున శిక్ష పడిందని నమోదైంది. పైలట్లకు శిక్ష పడింది. బరువు ఎక్కించినవారు, పత్రాలు ఇచ్చినవారు ఈ కథనాల్లో పేర్లు లేకుండానే మిగిలారు.

8. జాబితాలు

ఐరోపా సమాజం 2006 మార్చిలో విమాన సంస్థల తొలి నిషేధ జాబితా ప్రకటించింది. కాంగో సంస్థలు మొదటి నుంచీ అందులో ఉన్నాయి. జాంబియా 2016లోనూ, మొజాంబిక్ 2017లోనూ బయటపడ్డాయి. ఈ జాబితా ఐరోపాలోకి ప్రవేశాన్ని ఆపుతుంది. జాబితాలో ఉన్న సంస్థ తన సొంత దేశంలో ఎగరడాన్ని ఆపదు. లేగోస్ ప్రమాదం జరిగిన మరుసటి నెలలో, 2012 జులైలో, ఆఫ్రికా మంత్రులు అబూజాలో కూడి, ఐసీఏవో తనిఖీల్లో ప్రతి దేశం 2017కల్లా కనీసం 60 శాతం అమలు చూపాలని లక్ష్యం పెట్టుకున్నారు. తనిఖీలు చూసేది చట్టాలు, సంస్థలు, ఇన్‌స్పెక్టర్ల సంఖ్య వంటివి. టెక్ లాగ్ పేజీ దాకా వెళ్లేది ఆ దేశపు ఇన్‌స్పెక్టరే. ఆయన లేకపోతే ఇంకెవరూ లేరు.

9. జూబా, 2015

ఇంతవరకు విడివిడిగా చూసిన పాయలన్నీ ఒకే సంఘటనలో కలిసిన సందర్భం దక్షిణ సూడాన్‌లో కనిపిస్తుంది. ఆ దేశం 2011 జులైలో పుట్టింది. నాలుగేళ్ల తర్వాత, 2015 నవంబరు 4న, జూబా నుంచి చమురు క్షేత్రాలున్న పలోయిచ్‌కు బయల్దేరిన ఏఎన్-12 సరుకు విమానం, రన్‌వేకు కిలోమీటరు లోపే శ్వేత నైలు ఒడ్డున కూలింది.

పత్రాలను బట్టి చూస్తే బాధ్యతలు ఇలా చీలాయి. విమానం రిజిస్టరైంది తజికిస్తాన్‌లో. యజమాని తజిక్ సంస్థ. నడిపింది దక్షిణ సూడాన్ సంస్థ. సిబ్బందిలో ఐదుగురు ఆర్మేనియన్లు, ఒకరు రష్యన్ అని వార్తలు. ఆయుర్దాయం పొడిగించే అధికారం ఉక్రెయిన్‌లోని డిజైన్ సంస్థది. విమానం 1971లో తయారైంది, అంటే అప్పటికి 44 ఏళ్లు.

ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే ఆంటొనోవ్ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఆయుర్దాయం పొడిగించడానికి చేయవలసిన పనులు ఆ విమానానికి సకాలంలో జరగలేదని, కాబట్టి అది ఎగరడానికి అర్హమైనది కాదని దాని సారాంశం. ఈ ప్రకటనను రెండు విధాలా తూచాలి. రూపొందించిన సంస్థకు తన పేరు కాపాడుకునే ప్రయోజనం ఉంటుంది. గడువు తీరడమే కూలడానికి కారణమని కూడా దీన్నుంచి తేలదు. బరువు, ఇంజన్, సరుకు కట్టిన తీరు, ఏదైనా కావచ్చు. కానీ గడువు మాట నిజమైతే, ఆ ఉదయం కమాండరు పెట్టిన సంతకం కింద ఉండవలసిన పునాది సంతకం లేదు. తజికిస్తాన్ దాన్ని చూడవలసింది. జూబా అడగవలసింది. తజికిస్తాన్‌కు ఆ బాధ్యతను 31వ అధికరణం, జూబాకు అడిగే హక్కును 33వ అధికరణంలోని షరతు ఇస్తున్నాయి.

మృతుల సంఖ్య విషయంలో వార్తలు 25 దగ్గర మొదలై 40 దాటాయి. తర్వాతి లెక్కలు 37, 41 మధ్య తిరుగుతాయి. ఈ తేడాకు కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు. అది సరుకు విమానం. ప్రయాణికులు అందులో ఉండకూడదు. జాబితాలో లేనివారు కూడా ఎక్కి ఉండవచ్చని ప్రభుత్వ ప్రతినిధి అన్నట్టు అప్పటి వార్తల్లో ఉంది. బయటపడ్డవారిలో ఒక పసిపాప ఉంది. ఎంతమంది ఎక్కారో చెప్పే కాగితం లేకపోవడంతో, ఎంతమంది పోయారో తెలుసుకోవడానికి నది ఒడ్డున శకలాల మధ్య శవాలను లెక్కపెట్టవలసి వచ్చింది.